కుట్టు ముడి బిగించే నా పరికరానికి పేటెంట్ చేయించిన ఆఫీసు: ఐదుకి మూడున్నర

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడున్నర స్టార్లు. అందులో రెండు ఆ ఆఫీసులో పనిచేసే ఒక్క అమ్మాయివి. పోయిన ఒకటిన్నరలో ఒకటి వాళ్ళ సెర్చ్ రిపోర్టు వల్ల, అర స్టార్ 1,280 రూపాయల వల్ల పోయింది. ఆ లెక్కేంటో కింద వస్తుంది. అది పేటెంట్ ఏజెంట్ల ఆఫీసు, పేరు రాయను. హైదరాబాద్‌లో, లిఫ్ట్ లేని బిల్డింగులో మూడో అంతస్తు. తప్పులు కూడా రాస్తున్నాను కాబట్టి అంతవరకు చాలు. పేటెంటు చేయించుకోవాలనుకునే నాలాంటి వాళ్ళకి, అంటే కంపెనీ లేని, లాయరు బంధువు లేని, జీతం మీద బతికే వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రి క్యాథ్ ల్యాబ్‌లో, అంటే రక్తనాళంలోంచి గొట్టాలు పంపి గుండెకి స్టెంట్లు వేసే గదిలో, టెక్నీషియన్‌ని. 14 ఏళ్ళ సర్వీసు. నేను తయారు చేసిన వస్తువేంటో చెప్పకుండా ఈ ఆఫీసు మంచిచెడ్డలు చెప్తే అర్థం కాదు, అందుకని కాస్త ఓపిక పట్టండి.

గుండె కేసులు ఇప్పుడు చాలావరకు మణికట్టు నుంచే చేస్తున్నారు. అయినా గజ్జల్లోంచి వెళ్ళాల్సినవి ఇంకా ఉన్నాయి. తొడ ధమనికి సూదితో పంక్చర్ చేసి, అందులోంచి వైరు పంపి, వైరు మీదుగా షీత్ అనే గొట్టం ఎక్కిస్తారు. 1953లో సెల్డింగర్ అనే స్వీడన్ డాక్టరు రాసిన పద్ధతి, నేటికీ అదే. షీత్ సైజు ఫ్రెంచ్‌లలో చెబుతాం, మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు. స్టెంట్ కేసుకి మామూలుగా 6 ఫ్రెంచ్, అంటే గొట్టం లోపలి వ్యాసం 2 మిల్లీమీటర్లు. గొట్టం మందం కూడా కలుపుకుంటే ధమనికి పడే కన్నం ఇంకాస్త పెద్దదే. ఛాతీ కొయ్యకుండా వాల్వు మార్చే కేసుల్లో 18 ఫ్రెంచ్ షీత్ కూడా చూశాను. 6 మిల్లీమీటర్లు. ధమనిలో అంత కన్నం అంటే కుళాయి తిప్పినట్టే.

పని అయ్యాక షీత్ తీసేసి ఆ కన్నం మూయాలి. పాత పద్ధతి చెయ్యి. గాజుగుడ్డ పెట్టి, మోచెయ్యి వంగకుండా, 15, 20 నిమిషాలు ప్రెషర్ పట్టాలి. తర్వాత కాలు కదపకుండా గంటల తరబడి వెల్లకిలా పడుకోవాలి. ఇసక బస్తా పెట్టిన రోజులు కూడా నాకు తెలుసు. "అమ్మా, కొంచెం పక్కకి తిరగొచ్చా" అని అడగని పేషెంటు లేడు. "ఇంకో గంట ఆగండి బాబాయ్" అని అబద్ధం చెప్పని టెక్నీషియనూ లేదు.

కుట్టు వేసే పరికరాలు వచ్చాక ఈ బాధ తగ్గింది. వైరు మీదుగా పరికరాన్ని ధమనిలోకి తోస్తారు. సరైన చోటికి చేరిందని చెప్పడానికి పక్క గొట్టంలోంచి రక్తం చుక్కలు చుక్కలుగా కొట్టుకుంటూ వస్తుంది. మీట ఎత్తితే లోపల చిన్న పాదం లాంటిది విచ్చుకుంటుంది. ప్లంజర్ నొక్కితే రెండు సూదులు కన్నానికి అటూ ఇటూ ధమని గోడలోంచి దిగి దారాన్ని అందుకుంటాయి. ప్లంజర్ వెనక్కి లాగితే దారం బయటికొస్తుంది. ముడి ముందే వేసి ఉంటుంది, జారుముడి. దారానికి రెండు కొసలు: నీలం కొస లాగితే ముడి జారుతూ ధమని గోడ దాకా వెళ్ళి బిగుసుకుంటుంది, తెల్ల కొస లాగితే తాళం పడుతుంది. ముడిని కిందికి తోయడానికి సన్నటి పుల్ల లాంటిది ఒకటి ఉంటుంది, నాట్ పుషర్ అంటాం.

ఎంత గట్టిగా లాగాలి? అదే అసలు ప్రశ్న. ఎవరినడిగినా "చేతికి తెలుస్తుంది" అంటారు. పెద్ద డాక్టర్ల చేతికి తెలుస్తుంది, నిజమే. ఒకసారి ఒక కుర్ర డాక్టరు నీలం కొస వేలికి చుట్టుకుని గట్టిగా లాగాడు, దారం తెగిపోయింది. తప్పు పరికరానిది కాదు, లాగిన చేతిది. ఆ రోజు 25 నిమిషాలు నేనే ప్రెషర్ పట్టాను. ఇంకోసారి ఇంకొకరు అదే భయంతో వదులుగా వదిలేస్తే, సాయంత్రానికి పేషెంటు గజ్జల్లో కోడిగుడ్డంత వాపు.

అలా ప్రెషర్ పట్టుకుని నిలబడ్డ 25 నిమిషాల్లోనే ఐడియా వచ్చింది. ఎంత బలంతో లాగుతున్నామో కనపడేలా ఒక గీత ఉంటే? మొదటి నమూనా రెనాల్డ్స్ పెన్ను స్ప్రింగుతో ఇంట్లోనే చేశాను. రెండోది ఆటోనగర్‌లో లేత్ పెట్టుకున్న మా ఆయన తమ్ముడి వరసవాడు ఇత్తడితో చేసిచ్చాడు. "వదినా, ఇంత చిన్న పనికి లేత్ ఆన్ చేస్తే కరెంటు దండగ" అంటూనే మూడుసార్లు మార్చాడు. నీలం దారం పట్టుకునే చోట స్ప్రింగు, పక్కన కిటికీ, కిటికీలో ఆకుపచ్చ గీత. గీత దాటి లాగితే పట్టు దానంతటదే జారిపోతుంది, దారం తెగదు. అంతే వస్తువు. పేషెంటు మీద ఎప్పుడూ వాడలేదు, వాడకూడదు కూడా. పేటెంటు వచ్చినంత మాత్రాన మనుషుల మీద వాడే అనుమతి వచ్చినట్టు కాదు, దానికి 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ కింద వేరే దారి ఉంది. నా పరీక్షలన్నీ సైకిల్ ట్యూబు మీదే.

ఇక ఆఫీసు సంగతి.

మొదటి రోజు అక్కడి పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్నకే నాకు ఆయన మీద గౌరవం కలిగింది. వస్తువేంటని అడగలేదు. "ఇది ఎవరెవరికి చూపించారు మేడమ్? వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టారా?" అన్నారు. పెట్టలేదు. కానీ ఆ నెలాఖరులో మా టెక్నీషియన్ల మీటింగులో చూపిద్దామని స్లైడ్లు కూడా చేసి పెట్టుకున్నాను. "వెంటనే ఆపేయండి. అప్లికేషన్ పడకముందు నలుగురికీ తెలిసిపోతే కొత్తదనం పోయినట్టే. మన చట్టంలో మినహాయింపులు ఉన్నాయి గానీ ఇరుకు, వాటి మీద ఆధారపడొద్దు" అన్నారు. ఆస్పత్రిలో పనిచేస్తూ కనిపెట్టింది కాబట్టి దాని మీద హక్కు కోరబోమని మేనేజ్‌మెంట్ దగ్గర లెటర్ తెచ్చుకోమన్నారు. ఆ లెటర్ కోసం నెలన్నర తిరిగాను, అది వేరే కథ. ఈ రెండు సలహాలకీ ఆయన ఫీజు తీసుకోలేదు. ఒక స్టార్ ఇక్కడే ఇచ్చేశాను.

తర్వాత సెర్చ్. 18,000 రూపాయలు, జీఎస్టీ అదనం. ఇలాంటిది ఇంతకుముందు ప్రపంచంలో ఎవరైనా చేశారా అని వెతికే పని. మూడు వారాలకి స్పైరల్ బైండింగ్ చేసిన 22 పేజీల రిపోర్టు వచ్చింది. రంగురంగుల పట్టికలు, పక్కన టిక్కులు. చివరి పేజీలో "దగ్గరగా ఉన్నవి 9, నేరుగా అడ్డం వచ్చేవి లేవు". నేను సంబరపడి ఇంట్లో పాయసం వండాను.

పాయసం వండిన సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రిపోర్టు రెండో పేజీలో చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంది: గత 20 ఏళ్ళలో వచ్చిన పత్రాలు మాత్రమే చూశాం. ఆ లైను నాకు అప్పుడు అర్థం కాలేదు. ఎనిమిది నెలల తర్వాత అర్థమైంది.

డ్రాఫ్టింగ్‌కి 45,000. స్పెసిఫికేషన్, అంటే వస్తువు వివరాలన్నీ ఉండే పత్రం, రాసినాయన ఎప్పుడూ నాతో మాట్లాడలేదు. నేను పంపిన ఫోటోలు, ఒక వీడియో చూసి రాసేశారు. ఇంగ్లీషు మాత్రం దిట్టంగా ఉంది. నా స్ప్రింగుని "స్థితిస్థాపక అంశం" లాంటి ఏదో పేరుతో, కిటికీని "దృశ్య సూచన సాధనం" అని పిలిచారు. సొంత బిడ్డకి బడిలో వేరే పేరు రాయించినట్టు అనిపించింది. అలా విశాలంగా రాస్తేనే రక్షణ ఎక్కువట, సరే. మొత్తం 34 పేజీలు, 14 క్లెయిములు. క్లెయిములంటే "ఇంతవరకు నాది" అని పొలానికి గట్లు వేసుకోవడం లాంటిది. మొదటి 10 పరికరానికి. 11 నుంచి 14 దాకా "ధమని కన్నాన్ని మూసే పద్ధతి"కి.

నేను డ్రాఫ్టులో ఒక్క చోటే పట్టుబట్టాను. తెల్ల దారం వెళ్ళడానికి నా పరికరంలో పక్కన విడిగా ఒక గాడి ఉంది. దాని ఊసే లేదు. ఫోన్ చేసి అడిగితే "అది చిన్న వివరం మేడమ్, క్లెయిమ్‌కి అవసరం లేదు" అన్నారు. నేను వదల్లేదు. చివరికి 17వ పేజీలో ఒక వాక్యం, నాలుగో బొమ్మలో ఒక చిన్న గీత పెట్టారు. ఈ గాడిని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ప్రభుత్వ ఫీజులు, ఇవి అందరికీ పనికొస్తాయి. వ్యక్తిగా, ఆన్‌లైన్‌లో వేస్తే అప్లికేషన్‌కి 1,600. 30 పేజీలు దాటితే పేజీకి 160, 10 క్లెయిములు దాటితే క్లెయిముకి 320. త్వరగా ప్రచురించమని అడిగే ఫారం 9కి 2,500. పరీక్షకి పెట్టమని అడిగే ఫారం 18కి 4,000. వరసలో కాకుండా తొందరగా పరీక్షించమంటే ఫారం 18ఎ, 8,000. ఈ 18ఎ అందరికీ ఉండదు. స్టార్టప్‌లు, చిన్న సంస్థలు లాంటి కొన్ని వర్గాలకే, 2019 నుంచి ఆడవాళ్ళకి కూడా. ఆ సంగతి పెద్దాయనే చెప్పారు. "మీ పేరు మీదే వేద్దాం మేడమ్, సార్ పేరు మీద ఎందుకు" అన్నారు. మా ఆయన పేరు ఎవరు ఎత్తారో నాకు తెలీదు, నేనైతే ఎత్తలేదు.

నావి నాలుగు పేజీలు ఎక్కువ, 640. నాలుగు క్లెయిములు ఎక్కువ, 1,280. అన్నీ కలిపి 14,020 కట్టాను. 2023 ఏప్రిల్‌లో అప్లికేషన్ పడింది. ఆంధ్ర, తెలంగాణ వాళ్ళవి చెన్నై పేటెంట్ ఆఫీసు కిందికి వస్తాయి.

ఆగస్టులో పేటెంట్ ఆఫీసు నుంచి ఫస్ట్ ఎగ్జామినేషన్ రిపోర్టు వచ్చింది, అందరూ ఎఫ్‌ఈఆర్ అంటారు. నైట్ డ్యూటీలో ఉండగా పీడీఎఫ్ వచ్చింది. తెరిచి చూస్తే గుండె జారిపోయింది. ఒక అభ్యంతరం కాదు, పేజీల కొద్దీ.

ఒకటి: 11 నుంచి 14 క్లెయిములు సెక్షన్ 3(ఐ) కింద చెల్లవు. మన చట్టంలో మనుషులకి చేసే వైద్యం, సర్జరీ పద్ధతులకి పేటెంటు ఇవ్వరు. పరికరానికి ఇస్తారు, దాన్ని వాడే పద్ధతికి ఇవ్వరు. నాకు ఇది సబబుగానే అనిపించింది. రేపు ఏ డాక్టరైనా కుట్టు వేసే ముందు ఎవరి పర్మిషనో అడగాల్సి వస్తే ఎలా? కానీ నా ప్రశ్న వేరు. ఈ సంగతి ఏజెంటుకి ముందే తెలుసు కదా, మరి ఎందుకు రాసినట్టు? అడిగాను. "అమెరికాలో పద్ధతికి కూడా ఇస్తారు మేడమ్, రేపు అక్కడికి వెళ్తే పనికొస్తుందని" అన్నారు. అమెరికా వెళ్ళేటప్పుడు అక్కడి అప్లికేషన్‌లో రాసుకోవచ్చుగా! ఇండియా ఫారంలో పెట్టి, కొట్టేస్తారని తెలిసి, సరిగ్గా ఆ నాలిగింటికే నా చేత అదనపు ఫీజు కట్టించారు. 1,280 రూపాయలు పెద్ద సొమ్ము కాదు. వేరే క్లయింట్ల ఫార్మాట్ తీసుకుని నా పేరు అతికించారన్న అనుమానం మాత్రం పోలేదు.

రెండోది అసలైన దెబ్బ. ఎగ్జామినర్లు పాత పత్రాలని డి1, డి2 అని పేర్లు పెట్టి చూపిస్తారు. నా డి1: అమెరికా పేటెంటు 5,417,699. పెర్‌క్లోజ్ అనే కంపెనీది. 1992 డిసెంబరులో దాఖలైంది, 1995 మేలో మంజూరైంది. తర్వాత 1999లో ఆ కంపెనీని అబాట్ కొనేసింది. ధమని కన్నాన్ని చర్మం కొయ్యకుండా కుట్టే పరికరాలకి తాత లాంటి పత్రం. ఆ రాత్రే గూగుల్ పేటెంట్స్‌లో నంబరు కొట్టి తెరిచాను. సారాంశం చదివితే చాలు: దారంతో కలిసిన రెండు సూదులు, వాటిని కన్నానికి రెండు పక్కల నుంచి కణజాలంలోంచి బయటికి తెచ్చే విధానం, చివర్లో, దారాన్ని ముడి వేసి ఆ ముడిని వచ్చిన దారినే వెనక్కి తోయవచ్చని. నేను నా గొప్పగా చెప్పుకున్న సగం పని నేను డిగ్రీ కూడా చదవకముందే అక్కడ రాసి ఉంది. ఆ పత్రంలో సూదులు లోపలి నుంచి బయటికి వస్తాయి, ఇప్పుడు నేను ల్యాబులో చూసేవి బయటి నుంచి లోపలికి దిగుతాయి. ముడి తోయడం మాత్రం అదే. చదువుతూ నాకు తెలీకుండానే "అబ్బ, ఎంత బాగా ఆలోచించారు" అన్నాను. పక్కన సిస్టర్ "ఏంటక్కా" అంది. 30 ఏళ్ళ క్రితం మనుషులు రాసుకున్న బొమ్మల్లో నా రోజూ పని కనిపించేసరికి కోపం కూడా రాలేదు.

కోపం మర్నాడు వచ్చింది. 18,000 తీసుకుని చేసిన సెర్చ్‌లో ఇది ఎందుకు లేదు? నంబరు కూడా అక్కర్లేదు, రక్తనాళం కన్నం మూసే పరికరాలన్నిటికీ పేటెంట్ వర్గీకరణలో ఒక గూడు ఉంది, ఏ61బీ 17/0057. ఆ గూట్లో చెయ్యి పెడితే చాలు. ఫోన్‌లో వచ్చిన జవాబు: "అది 2012లోనే ఎక్స్‌పైర్ అయిపోయింది మేడమ్, అందుకని పాతవి తీసుకోలేదు."

ఇది చదివే వాళ్ళు దయచేసి ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. గడువు తీరిన పేటెంటుని ఎవరైనా తయారు చేసి అమ్ముకోవచ్చు. కానీ అందులో ఉన్నదాన్ని మళ్ళీ ఎవరూ కొత్తదని పేటెంటు చేసుకోలేరు. గడువు తీరినా ఆ జ్ఞానం లోకంలో ఉన్నట్టే కదా. అమ్ముకుంటే ఎవరైనా కేసు వేస్తారా అని వెతకడం ఒకటి, ఇది కొత్తదా అని వెతకడం ఇంకొకటి. మొదటిదానికి 20 ఏళ్ళు చూస్తే సరిపోవచ్చు. రెండోదానికి తాతముత్తాతల దాకా వెళ్ళాలి. వాళ్ళ జూనియరు రెండూ ఒకటే అనుకుని తేదీ ఫిల్టరు పెట్టేశాడు. సెర్చ్ చేయించేటప్పుడు "ఏ సంవత్సరం నుంచి చూస్తున్నారు" అని అడగండి. సమాధానం ఒక సంవత్సరం పేరైతే బేరం మానుకోండి.

డి2 కీళ్ళ సర్జరీకి సంబంధించింది. ఎముకకి కట్టే దారం ఎంత బిగిసిందో స్ప్రింగుతో చూపించే పిడి. డి1లో ముడి తోయడం ఉంది, డి2లో బిగువు కొలవడం ఉంది, రెండూ కలిపితే నీ పరికరం, అందులో ఆ పనిలో నేర్పున్న మనిషికి తట్టనిది ఏముంది అని అభ్యంతరం. అలా తట్టనిది ఉండటాన్నే ఇన్వెంటివ్ స్టెప్ అంటారు. నాకు పౌరుషం వచ్చింది. ఆ పనిలో చెయ్యి తిరిగిన మనిషిని నేనేగా! 14 ఏళ్ళు నాకే తట్టలేదు, ఇంకెవరికి తడుతుంది?

ఈ మాటే ఏజెంటు ఆఫీసుకి వెళ్ళి అన్నాను. అప్పుడే ఆ అమ్మాయి పరిచయమైంది. బయోమెడికల్ ఇంజనీరింగ్ చదివి ఏడాది క్రితం చేరిందట. నా ఫైలు ఆమెకి ఇచ్చారు. "చట్టంలో ఆ చెయ్యి తిరిగిన మనిషి నిజం మనిషి కాదు మేడమ్, ఊహే. అన్ని పాత పత్రాలూ చదివి ఉంటాడు, కానీ కొత్తగా ఒక్క ఆలోచనా రాదు అతనికి" అని నవ్వింది. అలాంటి వాళ్ళు మా ఆస్పత్రిలో ఒకరిద్దరు నిజంగానే ఉన్నారు, ఆ మాట పైకి అనలేదు.

తర్వాత ఆమె అడిగింది, ఇన్ని నెలల్లో ఎవరూ అడగనిది: "ఒకసారి నా ముందు ముడి వేసి చూపిస్తారా?"

మర్నాటి వారం సైకిల్ ట్యూబు, కుట్టు వేసే పరికరం డెమో పీసు, నా ఇత్తడి పిడి పట్టుకుని మళ్ళీ హైదరాబాద్ వెళ్ళాను. కాన్ఫరెన్స్ టేబుల్ మీద ట్యూబుకి కన్నం పెట్టి, కుట్టు దించి, నీలం దారం పిడికి తగిలించి లాగాను. కిటికీలో గీత కదిలింది. "ఇంకోసారి" అంది. మళ్ళీ. మూడోసారి తనే గ్లవ్స్ వేసుకుని లాగింది. అప్పుడు ఆమె చూపు పక్క గాడి మీద పడింది.

"ఈ తెల్ల దారం ఇందులోంచి ఎందుకు వెళ్తోంది?"

"రెండు దారాలూ ఒకేచోట పట్టుకుంటే రెండిటి బరువూ స్ప్రింగు మీద పడుతుంది. గీత అబద్ధం చెబుతుంది. ముడి బిగియకుండానే బిగిసినట్టు చూపిస్తుంది. పైగా తెల్లది ముందే లాగబడితే ముడి సగంలోనే తాళం పడిపోతుంది. అందుకని అది ఏ బరువూ లేకుండా వదులుగా వెళ్ళాలి."

ఆమె పెన్ను తీసి రాసుకుంటూ పోయింది. డి2లో ఉన్నది ఒకే దిక్కుకి లాగే బిగువు, ఎముకకి పాతిన మేకు ఎదురు పట్టు. డి1లో రెండు కొసలకీ ఒకటే పాత్ర. రెండు కొసలు వేరువేరు పనులు చేసే జారుముడిలో ఒక్క కొస బిగువుని మాత్రమే కొలవాలన్న సమస్యే ఆ రెండు పత్రాల్లోనూ లేదు. సమస్యే కనిపించనప్పుడు రెండూ కలిపే ఆలోచన ఎవరికి వస్తుంది? ఇది ఆమె వాదన. నేను చేత్తో చేస్తున్నదాన్ని ఆమె మాటల్లో పెట్టింది.

అయితే ఇంకో గండం. ఎఫ్‌ఈఆర్ వచ్చాక క్లెయిములు మార్చుకోవచ్చు గానీ, సెక్షన్ 59 ప్రకారం మొదట దాఖలు చేసిన పత్రంలో లేనిది కొత్తగా చేర్చడం కుదరదు. గాడి గురించి అప్పట్లో రాసి ఉండకపోతే ఇప్పుడు ఆ వాదనకి కాళ్ళు లేవు. ఆమె 34 పేజీలు తిరగేసింది. 17వ పేజీ, ఒక వాక్యం. నాలుగో బొమ్మ, ఒక చిన్న గీత. "ఇదుగో" అని నా వైపు తిప్పింది. మా ఇద్దరికీ నోట మాట రాలేదు. నేను ఫోన్‌లో పట్టుబట్టకపోతే ఆ ఒక్క లైను ఉండేది కాదు. ఈ మాట పెద్దాయన ముందు కూడా అన్నాను. ఆయన "అవును మేడమ్, మా పొరపాటే" అని ఒప్పుకున్నారు. ఒప్పుకునే ఏజెంట్లు ఎంతమంది ఉంటారో నాకు తెలీదు, అది కూడా రేటింగులో వేసుకోండి.

జవాబుకి గడువు ఆరు నెలలు. డబ్బు కట్టి పొడిగించుకునే వీలుంది గానీ, మేం జనవరిలోనే పంపేశాం. పద్ధతి క్లెయిములు నాలుగూ తీసేశాం. మొదటి క్లెయిములోకి గాడిని తెచ్చాం. మొత్తం 14 కాస్తా 7 అయ్యాయి. పొలం చిన్నదైంది, గట్టు గట్టిపడింది. జవాబుకి 20,000 బిల్లు వేశారు. సెర్చ్ తప్పు వల్ల వచ్చిన పనికి నేనెందుకు కట్టాలని గొడవ పడితే 12,000 చేశారు.

మార్చిలో హియరింగ్, వీడియోలో. నేను కూడా కూర్చోవచ్చన్నారు. ఆస్పత్రి నుంచి సెలవు పెట్టి, ఇంట్లో ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ కూర్చున్నా. కంట్రోలర్, అంటే పేటెంట్ ఇవ్వాలో వద్దో తేల్చే అధికారి, సూటిగా అడిగారు: డి2లోనూ స్ప్రింగు ఉంది, కిటికీ ఉంది, మీ గాడి కేవలం దారం చిక్కుపడకుండా పెట్టుకున్న సౌకర్యం కాదా? ఆ అమ్మాయి పాయింట్లు చదివింది. తర్వాత "ఇన్వెంటర్ ఒక నిమిషం చూపిస్తారు" అంది. నేను ట్యూబు కెమెరా ముందు పెట్టాను. తెల్ల దారాన్ని గాడిలోంచి తీసి నీలంతో కలిపి లాగాను, గీత ఆకుపచ్చకి వచ్చింది, ముడి వదులుగానే ఉంది. ట్యూబులోకి సిరంజితో నీళ్ళు కొడితే కారిపోయాయి. మళ్ళీ గాడిలో పెట్టి లాగాను. ఈసారి కారలేదు. నా ఇంగ్లీషు అంతంతమాత్రమే, కానీ నీళ్ళకి ఇంగ్లీషు అక్కర్లేదుగా. ఆయన ఇంకో రెండు ప్రశ్నలు మర్యాదగా అడిగి, రాతపూర్వకంగా పంపమన్నారు. దానికి 15 రోజులు గడువు. ఆ అమ్మాయి నాలుగు రోజుల్లో పంపేసింది.

జూన్‌లో మంజూరైంది. సర్టిఫికెట్ ప్రింటు తీసి లామినేషన్ చేయించాను, లామినేషన్ షాపతను "భూమి పత్రమా అక్కా" అన్నాడు.

ఇక ఎవరు వెళ్ళొచ్చు, ఎవరు వద్దు. మీ వస్తువు చేత్తో పట్టుకునేదైతే, వాళ్ళ దగ్గరికి వస్తువుతోనే వెళ్ళండి. ఫోటోలు పంపి ఊరుకోవద్దు. డ్రాఫ్టు రాసే మనిషి ఎవరో అడిగి, ఆ మనిషి చేతిలో మీ వస్తువు పెట్టి, ఆయన చేతే వాడించండి. సెర్చ్ మాత్రం వాళ్ళ దగ్గర చేయించకండి, లేదా చేయించినా మీరూ ఒక రాత్రి కూర్చోండి. గూగుల్ పేటెంట్స్, యూరప్ వాళ్ళ ఎస్పాసెనెట్ రెండూ ఉచితమే. పదాలతో కాకుండా వర్గీకరణ కోడుతో వెతికితే ఎక్కువ దొరుకుతాయి. ఒక మంచి పాత పత్రం దొరికాక, దాన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో కింద జాబితా ఉంటుంది, దాన్ని పట్టుకుని వెళ్ళిపోవచ్చు. ఇంగ్లీషు భయం వద్దు, బొమ్మలు చూసినా సగం తెలిసిపోతుంది. మన అప్లికేషన్లు, వాటికి వచ్చిన ఎఫ్‌ఈఆర్‌లు, ఇచ్చిన జవాబులు కూడా ఇండియన్ పేటెంట్ ఆఫీసు సెర్చ్ సైటు ఇన్‌పాస్‌లో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఏజెంటుని ఎంచుకునే ముందు ఆయన వేరే వాళ్ళకి రాసిన జవాబులు నాలుగు చదవండి. నేను ముందు ఆ పని చేసి ఉంటే 1,280 మిగిలేది.

ఆఫీసులో కాఫీ బాగుంటుంది. ఫోన్లు ఎత్తుతారు, శనివారం కూడా. బిల్లులో ప్రభుత్వ ఫీజు వేరుగా, వాళ్ళది వేరుగా రాస్తారు, రసీదులు జత చేస్తారు. ఈ ఒక్క విషయంలో వంక పెట్టడానికి లేదు.

మొన్న వాళ్ళ దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. మూడో ఏడు రెన్యూవల్, ప్రభుత్వ ఫీజు 800, సర్వీస్ ఛార్జీ 3,000. ఫోన్ చేసి "800 కట్టడానికి 3,000 ఏంటండీ" అన్నాను. పెద్దాయన నవ్వి వెయ్యికి దిగారు. ఐదొందలకి అడుగుతున్నా, ఇంకా తేలలేదు.